ఆరు నెలలు మూయాల్సిన ఇల్లు

ఎర్రగుంట్ల,
బుధవారం.

కేశవన్నకు,

ఫోన్లో చెప్పబోతే ఏడుపొస్తోంది, అందుకే రాస్తున్నాను.

మన ఇంట్లో చేరిన ఎనిమిది మంది ముసలివాళ్లలో సుబ్బరత్నమ్మ పోయిన శుక్రవారం తెల్లారి నిద్రలోనే కన్నుమూసింది. అయ్యవారు పంచాంగం చూసి ధనిష్ఠా నక్షత్రమన్నాడు. ఆ నక్షత్రంలో ఎవరైనా పోతే ఇల్లు ఆరు నెలలు మూసిపెట్టాలట.

అద్దెకిచ్చేకంటే వృద్ధుల వసతి గృహమే మేలని నువ్వు పెట్టుబడి పెట్టావు. చక్రాల కుర్చీ పట్టేలా తలుపులు వెడల్పు చేయించాం. స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీలు బిగించాం. ముసలివాళ్లుండే ఇంట్లోకి చావు వస్తుందని మాత్రం మన ఇద్దరికీ తట్టలేదు.

నాకు నమ్మకం లేదంటే ఎవరు వింటారు? వంట చేసే శశికళ గడప దగ్గరే ఆగిపోయింది. "మూయాల్సిన ఇంట్లోకి నేను రానక్కా, నాకూ పిల్లోళ్లుండారు" అనింది. మిగిలిన ఏడుగురి పిల్లలకూ ఫోన్ చేశాను. తీసుకుపోతామని ఒక్కరూ అనలేదు. వీళ్లను ఎక్కడ ఉంచి తాళం వేయాలి?

వంట నేనే చేస్తున్నాను. ఆ ఏడుగురిలో పుల్లయ్య తాతకు మూడు రోజులుగా ఆయాసం ఎక్కువైంది. ఆస్పత్రికి పోదామంటే వద్దంటున్నాడు. పొద్దున గంజి తీసుకుపోతే, గోడ మీది క్యాలెండర్ చూడమన్నాడు.

"ఈ పొద్దు ఏం నచ్చత్రమమ్మా? మంచిదైతే చెప్పు. మీకు ఇబ్బంది ల్యాకుండా పోతా."

చూశాను. అశ్విని. ఏ దోషమూ లేదు. "ఈ పొద్దు మంచిది కాదు తాతా" అని చెప్పి వచ్చాను.

రేపూ అడుగుతాడు. ఏం చెప్పమంటావన్నా?

నీ చెల్లెలు