జబ్బకు రుద్దిన తైలం

నగరి, మంగళవారం రాత్రి

మా ఆయన ఎడమ జబ్బ లాగుతోందంటే మరమగ్గం దగ్గర నిలబడి వచ్చిన నొప్పేననుకుని నెల రోజులుగా తైలం రుద్దాను. ఈరోజు తిరుపతిలో డాక్టరు చూసి గుండె రక్తనాళాలు పూడుకున్నాయన్నారు. గురువారం వచ్చి ఆస్పత్రిలో చేరాలట.

“జబ్బలోకో, దవడలోకో లాగుతాదమ్మా. పని చేస్తే వచ్చి, కూర్చుంటే పోతా ఉంటే అది గుండెదే అనుకోవాల. ముందు బీడీ మానిపించు,” అన్నారు.

బస్సులో ఈయన, “నువ్వు రుద్దితే తగ్గిపోతా ఉండెనే!” అన్నారు. తగ్గింది తైలానికి కాదు, రుద్దించుకోవడానికి కూర్చున్నందుకు.

రాయడానికే భయంగా ఉంది. పన్ను నొప్పనుకుని నేను పది రోజులుగా దవడలో లవంగం పెట్టుకుంటున్నాను. మిద్దె మెట్లెక్కినప్పుడే లాగుతుంది. లవంగం పెట్టుకుని కూర్చుంటే తగ్గుతుంది.

ఆయనకు ఇంకా చెప్పలేదు.