డబ్బాలో వెలితి

మార్చి 3, సోమవారం

అయిపోయింది. కొత్త ప్యాకెట్ మార్కెట్లోకి వెళ్లిపోయింది. పది రోజులుగా నడుం పడిపోయేంత పని. పొడవు అంతే, రంగు అంతే, ధరా అంతే. లోపల బిస్కెట్లు మాత్రం తగ్గాయి. తగ్గినట్టు తెలియకుండా ట్రే అడుగును కాస్త పైకి లేపాను. తూకం అంకెను వెనక అతుకు పక్కకు జరిపాను. డిజైన్ అంతా నాదే. అబద్ధం ఎక్కడా లేదు. అంకె అక్కడే ఉంది, కళ్లజోడు ఉంటే కనిపిస్తుంది.

ధర పెంచితే కొనేవాళ్ల చెయ్యి ఆగిపోతుందని, తూకం తగ్గిస్తే ఆగదని సేల్స్ హెడ్ మీటింగ్‌లో చెప్పాడు. సబ్బు పొడి వాళ్లు, టీ పొడి వాళ్లు ఎప్పుడో చేసేశారట, మనమే లేటట. పిండి పెరిగింది, నూనె పెరిగింది, నిజమే. పిండి మిల్లు వాళ్లను అడిగితే లారీ కిరాయి అంటారు. లారీ వాళ్లు డీజిల్ అంటారు. డీజిల్ వాళ్లు ఎక్కడో యుద్ధం అంటారు. ఎవరిని అడిగినా పక్కవాడి వైపు వేలు చూపిస్తారు. ఆ వేళ్ల వెంట పోయే ఓపిక నాకు లేదు.

మార్చి 7, శుక్రవారం

అత్తయ్య కొట్టుకు వెళ్లి ఈ నెల సరుకులు చెప్పి వచ్చారు. బిస్కెట్లు మా కంపెనీవే కావాలి, వేరేవి ముట్టుకోరు. మా కోడలు బిస్కెట్లకు బట్టలు కుడుతుంది అని కొట్టాయనకు మళ్లీ చెప్పారట. ఆ మాట వింటే ఇదివరకు పొంగిపోయేదాన్ని. ఇవాళ చల్లారిన టీ సింకులో పారబోశాను.

కొట్లో జనం తీరే మారిపోయిందన్నారు. ఒకావిడ సబ్బు వాసన చూసి, మళ్లీ అరలో పెట్టేసిందట. ఇంకొకావిడ పెద్ద నూనె సీసా తీసి, ఆలోచించి, చిన్నది పట్టుకెళ్లిందట. అత్తయ్య మాత్రం టీ పొడి రేటు పెరుగుతుందని ఎవరో అంటే రెండు ప్యాకెట్లు ఎక్కువే చెప్పారు. అందరూ ఇలా ఎగబడి కొంటే పెరగక చస్తుందా అని మా ఆయన నవ్వారు. అత్తయ్య ఒక్క చూపు చూశారు. నవ్వు ఆగిపోయింది.

మార్చి 12, బుధవారం

సుడిగాలి జీతం పెంచమంది. సుడిగాలి అంటే మా పనామె. మనం చెప్పులు వెతుక్కునేలోగా ఇల్లంతా ఊడ్చేస్తుందని అత్తయ్య పెట్టిన పేరు. ఎనిమిదేళ్లుగా వస్తోంది. అద్దె పెరిగింది, బస్సు చార్జీ పెరిగింది, పిల్ల ఫీజు పెరిగింది, నా జీతం ఒక్కటే గోడకు కొట్టిన మేకులా ఉందమ్మా అంది.

అత్తయ్య చూద్దాంలే అన్నారు. మా ఇంట్లో చూద్దాం అంటే కుదరదని. ఈ ఏడాది మాకూ ఇంక్రిమెంట్లు లేవని నేనూ ఒక మాట కలిపాను. సరేలెండి అంది. పోయేటప్పుడు మాత్రం, జీతం చాలట్లేదని నేనూ సగం గది ఊడ్చి పోతే ఊరుకుంటారా పెద్దమ్మా అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఎక్కడో తగిలింది.

మార్చి 16, ఆదివారం

నిన్న సరుకులు వచ్చాయి. విప్పి డబ్బాల్లో నింపేది ఎప్పుడూ సుడిగాలే. ఇవాళ అత్తయ్య బిస్కెట్ల డబ్బా తీశారు. ఒక ఫ్యామిలీ ప్యాక్ సర్దితే మూతకు ఆనేది. ఇప్పుడు రెండు వేళ్ల వెలితి. సబ్బు పొడి డబ్బా చూశారు. టీ పొడి డబ్బా చూశారు. అన్నీ ఒక్కో ప్యాకెట్ పట్టే డబ్బాలే, అన్నిటికీ వెలితే. మూతలు తీసి అలాగే బల్ల మీద వరసగా పెట్టారు.

తర్వాత నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించారు. అడిగింది ఇవ్వలేదని తనే తీసుకుపోతున్నట్టుందే, ఒక్కో డబ్బాలోంచి కాస్త అన్నారు.

బట్టలు మడతపెట్టే వంకతో లోపలికి వెళ్లిపోయాను.

మార్చి 17, మధ్యాహ్నం, ఆఫీసులో

ఇవాళ చెప్పేయాలి. పాత శాంపిల్ ఒకటి బ్యాగులో వేసుకున్నాను.

మార్చి 17, సాయంత్రం

చెప్పలేదు. తలనొప్పి అన్నాను. అన్నాక నిజంగానే వచ్చింది.

మార్చి 21, శుక్రవారం

నేను వచ్చేసరికి సుడిగాలిని మాన్పించేశారు. అత్తయ్య గిన్నెలు తోముకుంటూ చెప్పారు. కేకలేమీ వేయలేదట. జీతం చేతిలో పెట్టి, రేపటి నుంచి రావద్దమ్మా, ఖర్చులు తట్టుకోలేకపోతున్నాం అన్నారట. ఆమె ఊరుకుంటుందా? ఖర్చులు కాదు పెద్దమ్మా, మూతలు ఎందుకు తీసిపెట్టారో నాకు తెలీదనుకున్నారా, ఇన్నేళ్లలో చక్కెర పలుకైనా నోట్లో వేసుకున్నానా అని అడిగిందట. చీపురు మూల నిలబెట్టి వెళ్లిపోయిందట.

మోకాళ్లు పట్టుకుపోతున్నా అత్తయ్య నిలబడే తోముతున్నారు. ఇక నావల్ల కాలేదు. పాత ప్యాకెట్, కొత్త ప్యాకెట్ ఆవిడ ముందే చించాను. పాతది డబ్బాలో సర్దితే మూతకు ఆనింది. తీసేసి కొత్తది సర్దాను. ఆనలేదు.

అత్తయ్య చేతులు తుడుచుకుని కళ్లజోడు పెట్టుకుని అంకె కోసం వెతికారు. చాలాసేపు వెతికారు. ఇంత చాటుగా ఎవడు పెట్టాడే దీన్ని అన్నారు.

నేనే అన్నాను.

తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. బంగారంలాంటి మనిషిని దొంగను చేశానే అని కుర్చీలో కూలబడ్డారు. ఆదివారమే నేను నోరు తెరిచి ఉంటే సరిపోయేది. సిగ్గుగా ఉంది. దీనికి ఇంకో మాట లేదు.

మార్చి 23, ఆదివారం

ఇద్దరం సుడిగాలి ఇంటికి వెళ్లాం. మూడో అంతస్తు. ఆ మెట్లు అత్తయ్య ఎలా ఎక్కారో ఆవిడకే తెలియాలి. ఆయాసం తీరకముందే, తప్పు నాదమ్మా, జీతం పెంచుతాం, వచ్చెయ్ అన్నారు. ఎందుకు తప్పో నేను చెప్పాను. ఆ ప్యాకెట్ చేసింది నేనేనని కూడా చెప్పాను.

సుడిగాలి తొందరేమీ పడకుండా టీ పెట్టింది. పళ్లెంలో బిస్కెట్లు పెట్టింది. మావే. మీ కంపెనీవని మా పిల్లకూ ఇవే కొంటానమ్మా అంది. ఖాళీ ప్యాకెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. పైకి ఏమీ తెలియట్లేదే, మంచి పనితనం అంది. వెటకారమో కాదో ఇప్పటికీ తెలియదు.

వేరే ఇంట్లో కుదిరిందట. అక్కడ ఎక్కువ ఇస్తున్నారట. అందుక్కాదు పెద్దమ్మా, మూత తీసినప్పుడల్లా మీ కళ్లు నా చేతుల మీదకే పోతాయి, నాకూ అదే గుర్తొస్తుంది, వద్దులెండి అంది. గుమ్మం దాకా వచ్చి, జాగ్రత్తగా దిగండి అని అత్తయ్య చెయ్యి పట్టుకుంది.

ఇంటికొచ్చాక మూల ఉన్న చీపురు తీసి నేనే ఊడ్చాను.

ఏప్రిల్ 2, బుధవారం

సేల్స్ తగ్గలేదు. ఎవరి చెయ్యీ ఆగలేదు. బాస్ అందరి ముందూ మెచ్చుకున్నాడు. వచ్చే నెల చిన్న ప్యాకెట్ సంగతి కూడా చూడమన్నాడు. సరే అన్నాను. ఉద్యోగం మానేసి ఏం తింటాను?

ఇప్పుడు కొట్టాయన దగ్గర అత్తయ్య కోడలి ఊసు ఎత్తడం లేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

అత్తయ్య బజారుకు వెళ్లి చిన్న డబ్బాలు కొనుక్కొచ్చారు. నేనే నింపాను. అన్నీ మూత దాకా నిండాయి.