విప్లవాల పాఠం

నల్గొండ,
మే 12, 2023

మల్లికా,

ఎట్లున్నావే? ఫోన్ చేస్తే నీ గొంతు వినగానే మాట మార్చేస్తానని ఉత్తరం రాస్తున్నాను.

అలసిపోయానే. ఏళ్ల తరబడి గెస్ట్ లెక్చరర్ బతుకు. జూన్ వస్తోందంటే మళ్లీ తీసుకుంటారో లేదోనని ఫికర్. మన కాలేజీ కొల్లాపూర్ బ్రాంచిలో నీదీ ఇదే కథ, నీకు చెప్పేదేముంది? అచ్చుయంత్రం వచ్చి రాతగాళ్ల పొట్ట కొట్టింది, మరమగ్గం వచ్చి నేతగాళ్లను రోడ్డున పడేసింది, కంప్యూటర్ వచ్చి టైపిస్టులను ఇంటికి పంపింది అని పాఠం చెబుతూనే ఉన్నాను, అదంతా ఎక్కడో ఎవరికో జరిగినట్టు. సమాచార విప్లవం మాత్రం మా అవ్వతో మొదలుపెడతాను. సాయుధ పోరాటంనాడు జొన్నల గంప అడుగున చీటీ దాచి పానగల్ నుంచి దళానికి కబురు మోసిన అవ్వ. అది వినేటప్పుడు మాత్రం పిల్లలు ఫోన్లు పక్కన పెడతారు.

మొన్న కాలేజీ ఓనర్ పరశురాం సార్ పిలిచారు. హిస్టరీ పాఠాలన్నీ హైదరాబాద్‌లో నాతో రికార్డు చేయించి అన్ని బ్రాంచీల్లో తెర మీద వేస్తారట. నన్ను పర్మినెంటు చేస్తారట.

"మరి కొల్లాపూర్ల మల్లిక ఏం గావాలె సార్?" అని అడిగాను.

"తెర పెట్టినంక మనిషెందుకమ్మా?" అన్నారు.

చెయ్యనని చెప్పి వచ్చేశాను. జూన్‌లో నన్ను తీసుకోరు, తెలుసు. మా ఆయన సతీశ్ అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. అయినా నీ నోట్లో మన్ను కొట్టి నేను అన్నం తినలేను. నువ్వేం రంది పెట్టుకోకు.

నీ శ్రీదేవి

*

కొల్లాపూర్,
మే 20, 2023

శ్రీదేవీ,

నేను హైదరాబాద్ నుంచి బస్సు దిగిన రోజే నీ ఉత్తరం వచ్చింది. చెప్పులైనా విడవకుండా గడపలోనే చదివాను.

నువ్వు కాదన్న మర్నాడే పరశురాం సార్ నాకు ఫోన్ చేశారు. ఒకరు వద్దన్నారని చెప్పారు గానీ పేరు చెప్పలేదు. ఆ మాట నువ్వు తప్ప ఎవరంటారు? తెలిసే ఒప్పుకున్నాను. మా ఆయన డయాలసిస్ సంగతి నీకు తెలుసు. జీతం ఆగితే దవాఖాన ఆగుతుంది. సాకు అంటావేమో, అను.

ఎమ్మేలో ఇద్దరం కలిసి చదివిన నీ నోట్సే ముందు పెట్టుకుని పాఠాలన్నీ చెప్పాను. సమాచార విప్లవం దగ్గరికొచ్చేసరికి, చప్పగా ఉంది, పిల్లలు వినరన్నారు రికార్డు చేసేవాళ్లు. అప్పుడు మీ అవ్వ ముచ్చట చెప్పాను. కెమెరా పెట్టినాయన మధ్యలో అడిగాడు.

"ఆమె మీకేమైతది మేడం?"

"మా అవ్వ" అన్నాను.

అట్లనే రికార్డయింది. జూన్‌లో నీ క్లాసులో పిల్లలు చూసేది అదే.

నన్ను తిట్టు. ఇంటికొచ్చి నలుగురిలో తిట్టినా పడతాను. ఒక్కటి మాత్రం దాచను. నా జాగాలో నువ్వుంటే, ఇంట్లో అంత కష్టమున్నా, ముందు నన్నడిగేదానివి. నేను అడిగుంటే నువ్వు "చెయ్యి మల్లికా" అనేదానివే, అదీ నాకు తెలుసు. ఆ మాట నీ నోట వినే ధైర్యం లేకనే చెప్పకుండా వెళ్లాను.

మల్లిక