అత్తయ్య పెట్టని ముద్ద

జూలై 4

జోయెల్‌కు మళ్ళీ విరేచనాలు. పొద్దుటి నుంచి ఐదుసార్లు. వాడి కవల రూతు మాత్రం గరిటె పట్టుకుని వంటింట్లో ఊరేగుతోంది. నిన్న ఇద్దరూ ఒకే గిన్నెలో తిన్నారు! పుట్టిన ఈ ఏడాదిన్నరలో ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ వాడికే.

నా వంటలో ఏదైనా ఉందా... ఉంటే రూతుకెందుకు రాదు?

జూలై 5

ఓఆర్ఎస్. చెంచా చెంచాగా. నైట్ షిఫ్టు దిగి వచ్చి, బూట్లు విప్పకుండానే కొడుకు పొట్ట మీద చెవి పెట్టి విన్నాడు మా ఆయన. “ఫికర్ మత్ కర్, మెషీన్ చాలూ హై.” దిగులొద్దట, మెషీన్ నడుస్తోందట. నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. భిలాయిలో పుట్టిన మనిషి, తెలుగు చదవడం రాదు. ఈ డైరీకి అదే తాళం.

గుడ్డలన్నీ అత్తయ్యే ఉతికింది. వాణ్ణి కాళ్ళ మీద వేసుకుని జోకొట్టింది. జావ గిన్నె అందించబోతే మాత్రం – “నాకొద్దమ్మా, నువ్వే పెట్టీ.”

ఎప్పుడూ అంతే. స్నానాలు తనవి, జోలపాటలు తనవి. ముద్ద నాది. మొదట్లో బద్ధకం అనుకున్నాను. నాలుగున్నరకే లేచి నీళ్ళు మరిగించే మనిషికి బద్ధకమేమిటి, నా మొహం.

జూలై 7

వాన. రూతును ఆయనకు అప్పగించి, అత్తయ్యా నేనూ జోయెల్‌ను ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం.

డాక్టరమ్మను అడిగేశాను. అవే నీళ్ళు, అదే గిన్నె, విరేచనాలు రాకుండా వేసే చుక్కల మందు కూడా ఇద్దరికీ ఒకే రోజు వేయించాం – వీడికే ఎందుకు?

ఓపిగ్గా చెప్పింది పాపం, సగం హిందీ, సగం ఇంగ్లీషు. కొన్ని క్రిములకు పేగులో అతుక్కోవడానికి చోటు కావాలట. కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఆ చోటు ఉండదట, వాళ్ళను ఆ క్రిములు ఏమీ చేయలేవు. అమ్మానాన్నల నుంచి వచ్చేదే, ముక్కులాగా జుట్టులాగా. కవలలైనా ఇద్దరికీ ఒకేలా రానక్కర్లేదు. వీళ్ళ విషయంలో అదేనని పరీక్ష లేకుండా చెప్పలేనంది. చేతులు కడగడం మాత్రం మానొద్దంది.

తర్వాత అడిగింది – ఇంట్లో ఇదివరకు ఎవరికైనా ఇలా అయిందా?

లేదనబోతున్నాను. అత్తయ్య నోరు విప్పింది, నా వైపు చూడకుండా.

“వీళ్ళ నాన్నకి ముందోడు... పద్నాలుగు నెలలోడు. చరోదాలో రైల్వే క్వార్టర్లో ఉండీవోళ్ళం. పప్పన్నం, నా సేత్తోనే పెట్టినాను. తెల్లారేసరికి నీళ్ళు నీళ్ళుగా అయిపోనాది. సాయంత్రానికి లేడు.”

ఆరేళ్ళయింది నేనీ ఇంటికొచ్చి. ఆయనకొక అన్న ఉండేవాడని ఇవాళ తెలిసింది.

“అడగమ్మా. నా సెయ్యి వల్లేనా?”

అడిగాను. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. అప్పటి బిడ్డ గురించి ఇప్పుడెవరూ చెప్పలేరు, అంది. ఇంగ్లీషులో. అత్తయ్యది బజారు హిందీ.

“ఏటందే?”

“మీ చెయ్యి కాదంట అత్తయ్యా. వాడి పేగే అంతంట. గట్టిగా చెప్పింది.”

ఆటోలో దారంతా జోయెల్ పాదం పట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. నేనే ఏడ్చాను.

జూలై 8

అబద్ధమాడాను. ప్రార్థనలో ఒప్పుకోవాలి. ఒప్పుకోబుద్ధి కావడం లేదు.

జూలై 11

వాడు కోలుకున్నాడు. గుర్తు – చెల్లి జుట్టు పీకాడు.

జూలై 12

పొద్దున్న పదింటికి అత్తయ్య చేతులు కడుక్కుంది. మోచేతుల దాకా, మూడుసార్లు. పప్పన్నం కలిపింది. మెత్తగా పిసికి చిన్న ముద్ద. మా వాడు ఆగుతాడా, ముద్దతో పాటు వేలూ కొరికాడు.

“అబ్బ, రాకాసోడా!” నవ్వింది. రూతు అలిగి, తానూ నోరు తెరుచుకుని వచ్చి నిలబడింది. దానికీ పెట్టింది. ఎంత బాగుంటుందో ఈవిడ నవ్వు. ఇన్నాళ్ళూ నాకు పూర్తిగా చూపించనేలేదు.

నేను తోమిన గిన్నెనే మళ్ళీ తోముతూ నిలబడ్డాను. అత్తయ్యంటే నాకెంత ఇష్టమో అప్పుడు తెలిసింది.

జూలై 13, ఆదివారం

జోయెల్‌కు మళ్ళీ. నీళ్ళలా. ఒక్కసారే... ఇప్పటిదాకా.

అత్తయ్య చర్చి నుంచి వచ్చేలోపు గుడ్డ ఉతికేశాను. ఆరేస్తే కనబడుతుంది, అందుకే బకెట్లో మూత కింద ఉంది. ఓఆర్ఎస్ కలిపి స్టీలు గ్లాసులో తాగిస్తున్నాను, మామూలు నీళ్ళలాగే.

గేటు చప్పుడు. వచ్చేసింది. కుళాయి తిప్పింది.

“ఏటే, నా మనవడికి ఆకలేస్తందేటి? ఉండు, నాను పెడతాను.”

వద్దంటే ఎందుకని అడుగుతుంది. సరేనంటే, వాడికి సాయంత్రానికి ఎక్కువైతే... ఈసారి ఏ డాక్టరు చెప్పినా నమ్మదు. ఆ ముద్ద ఇంకెప్పుడూ పెట్టదు.

ప్రభువా, ఈ ఒక్కసారితో ఆగనీ.

కుళాయి ఇంకా పారుతోంది. రెండోసారి కడుక్కుంటోంది.