బ్రష్‌కు చుట్టుకున్న కనకాంబరాలు

తిరుమణి సోలార్ పార్కు

గుండమ్మకు, నేను క్షేమం, నీ కొడుకు అంతకన్నా క్షేమం.

మిలిటరీ నుంచి రిటైరైన మన శివరాజు ఇక సెక్యూరిటీ గార్డుగా పోనక్కర్లేదు. సోలార్ ప్యానెళ్లను నీళ్లు లేకుండా తుడిచే వాడి మెషిన్‌కు పెట్టుబడి వచ్చింది! బెంగళూరు నుంచి పెట్టుబడి పెట్టే మేడమ్ వచ్చి చూస్తుండగానే అది ఆగిపోయింది. ఆయుధపూజ అలవాటు కొద్దీ నేను వేసిన కనకాంబరాల దండ బ్రష్‌కు చుట్టుకుంది. (పూలమ్మే ఆమె కొసరుగా మూరెడు ఎక్కువిచ్చింది, ఆ కథ ఇంటికొచ్చాక.) శివరాజు, వాడితో పనిచేసే మాజీ జవాన్లిద్దరు మూడు నిమిషాల్లో బ్రష్ విప్పి, బిగించి, మెషిన్ నడిపించారు.

మేడమ్ వాచీ చూసుకుని, "మెషిన్లు శానా చూసినాను. ఇట్లా బాగుచేసేటోళ్లను చూడలేదప్పా. మీకే పెడతాం" అంది.

"నాయనా, ఇంగ దండ తెస్తే గేటు కాడనే నిలబెడతా" అన్నాడు శివరాజు.

పాత నూలు పంచెలు బస్సులో పంపు, మెషిన్ తుడవడానికి. ఎనుము ఈనిందా? కోడలు ఆశాకు ఆశీస్సులు. మిగిలిన దండ తెస్తున్నాను. నీ జడకు చుట్టుకుంటే నష్టం లేదు.

హనుమంతరాయప్ప