బియ్యం డబ్బాలో రబ్బరు కీలు

8 జనవరి 1994, శనివారం, మధ్యాహ్నం మూడు

నేను దొంగను కాను. దాచాను. ముందు ఈ ముక్క రాయి, తర్వాత మిగతాది.

నా పేరు నాగమల్లేశ్వరి. అక్షరం ముక్క రాదు. చెబుతున్నది నేను, రాస్తున్నది ఈ ఇంటి వంటవాడు అచ్చిబాబు. పదో తరగతి తప్పినా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని వాడే చెప్పుకుంటాడు. నాలుగు మాటలు రాసి ఆగుతాడు, వెనక జేబులోంచి దువ్వెన తీసి క్రాపు దువ్వుకుంటాడు, మళ్లీ రాస్తాడు. ఈ డైరీ వాడిదే. చేసిన పాపానికి నాకిచ్చాడు. ఆ పాపం కూడా చెబుతాను.

మాది ఉప్పాడ పక్కన పల్లె. సముద్రం మీద బతికిన వాళ్లం. బహ్రెయిన్ వచ్చి పదిహేడేళ్లయింది. వచ్చేసరికి ఈ ఇంటి పిల్ల నూరాకి నాలుగు నెలలు. ఎత్తుకున్నది నేను, పెంచింది నేను. దానికి మొదటి మాట అరబ్బీలో రాలేదు. ‘బువ్వ’ అంది. వాళ్లమ్మ, మా మేడం, వారం రోజులు మొహం మాడ్చుకుంది.

ఇప్పుడు దానికి నీళ్ల పిచ్చి పట్టింది. శుక్రవారం వచ్చిందంటే పొద్దున్నే బుదయ్య అనే ఊరి ఒడ్డుకి పరుగు, మధ్యాహ్నానికల్లా ఇల్లు. అక్కడ తెల్లవాళ్లు, ఇక్కడి పిల్లలు ఓ పాతికమంది చేరతారు. గాలి చలికాలంలోనే బావుంటుందట. నల్ల రబ్బరు బట్టలు తొడుక్కుని, తలా ఒక పలక ఎక్కి నిలబడి, తెరచాప చేత్తో పట్టుకుని పోతారు. తెడ్డు లేదు, తోడు లేదు. నేను కారు అద్దాలు ఎత్తుకుని, శాలువా కప్పుకుని కూచుంటాను. అది నీళ్లలో ఉన్నంతసేపూ తల దువ్వను. మా ఇళ్లల్లో మగాడు వేటకెళితే ఆడది దువ్వెన ముట్టదు. పడవ ఒడ్డెక్కాకే జడ.

నిన్న అక్కడ పందెం. తెల్లారి డాబా మీద చూస్తే ఆరేసిన దుప్పట్లు తూర్పుకి ఎగురుతున్నాయి. పడమటి గాలి. మా ఊళ్లో పాలు తాగే పిల్లనడిగినా చెబుతుంది, పడమటి గాలి పడవని లోపలికి లాక్కుపోతుందని. మా ఆయన అప్పాజీని అలాగే లాక్కుపోయింది. రెండు రోజులు నేను తల దువ్వలేదు. మూడో రోజు పొద్దున పెదాలు నల్లగా మాడిపోయి వచ్చాడు. మొదటి మాట, కూడుందా అని అడిగాడు.

పలకకీ తెరచాప కొయ్యకీ మధ్య పిడికెడంత రబ్బరు కీలు ఉంటుంది. అది లేకపోతే చాప నిలబడదు. నూరా సంచిలోంచి అది తీసి బియ్యం డబ్బాలో అడుగుకంటా దోపేశాను.

ఒడ్డుకెళ్లాక పిల్ల సంచి బోర్లించింది. కారంతా వెతికింది. ఎవర్నో అడిగి ఇంకో కీలు తెచ్చింది, అది దీని పలకకి పట్టలేదు. పందెం అయిపోయింది. అది ఇసకలో కూచుని ఏడుస్తుంటే నేను నోరు మూసుకున్నాను. బతికుంది కదా, ఏడవనీ అనుకున్నాను.

సాయంత్రం ఈ అచ్చిబాబు బియ్యం కొలుస్తుంటే గిన్నెలో కీలు పడింది. నన్నొక మాట అడగాలా వద్దా? తిన్నగా హాల్లోకి పట్టుకెళ్లి పిల్ల తండ్రి బాబా చేతిలో పెట్టాడు.

ఆయ్, నాకేం తెలుసు మామ్మా, కుక్కరు సామాను అనుకున్నాను అంటున్నాడు. పదేళ్లుగా కుక్కరు మీద వండుతున్నవాడు. ఇది కూడా రాయి.

9 జనవరి

బాబా పిలిచాడు. మంచివాడు, గొంతు పెంచడు. అదే నాకు భయం. అచ్చిబాబు హిందీలో విని నాకు చెప్పాడు. నా వీసా ఫిబ్రవరి పదో తారీఖుతో అయిపోతుంది. ఇన్నేళ్లు చేశావు, పిల్లకే నమ్మకం పోయాక ఇక్కడ ఎందుకు, టికెట్ తీస్తాను, ఇంటికెళ్లి సుఖంగా ఉండు అన్నాడు. ఉండమని నూరా నోటితో చెబితే మాత్రం రెన్యూ చేస్తానన్నాడు.

వెళ్లడానికి నాకేం బాధ లేదు. కొడుకులున్నారు, ఇల్లుంది. కానీ ఈ పిల్ల మొహం అటు తిప్పుకుని ఉండగా విమానం ఎక్కను. అడుగు వేయను.

నూరా నాతో తెలుగు మానేసింది. ఏం కావాలన్నా అచ్చిబాబుకి అరబ్బీలో చెబుతుంది, నేను ఎదురుగా నిలబడి ఉండగానే. వాడు నాకు తెలుగులో చెబుతాడు. గుడ్డు ఉడకబెట్టమంటోంది మామ్మా అని. నాకు అరబ్బీలో గుడ్డు అంటే తెలియదా?

11 జనవరి

గుడ్డు ఉడకబెట్టాను. తినలేదు.

14 జనవరి, శుక్రవారం

కారులో నాకు చోటు లేదట. నా సీట్లో తెరచాప పడుకోబెట్టుకుని వెళ్లిపోయింది.

పక్క విల్లాలో పనిచేసే వీరవేణి వచ్చింది. పిల్లకి దణ్ణం పెట్టేయ్ పెద్దమ్మా, ఏం పోతుంది, అరవై నాలుగేళ్లొచ్చి వీసాలతో పంతాలేంటి అంది. తప్పు చేసినవాళ్లు పెడతారే దణ్ణం, నేను ప్రాణం కాపాడాను అన్నాను. అయితే ఆ కాపాడిన మాటకి సాక్ష్యం పట్రా అంది. ఊరికే నోరు పారేసుకునే మనిషి. కానీ ఆ ఒక్క మాటా నాకు నచ్చింది.

అది తిరిగొచ్చేదాకా తల దువ్వలేదు. కారులో చోటు లేకపోతేనేం.

21 జనవరి, శుక్రవారం, సాయంత్రం ఆరు

పొద్దున దుప్పట్లు మళ్లీ తూర్పుకి ఎగిరాయి. అదే గాలి. నూరాకి పరీక్షలు, ఈ వారం ఒడ్డుకి వెళ్లలేదు. అచ్చిబాబు చేపల కోసం పికప్ తీస్తుంటే ఎక్కి కూచున్నాను. పద బుదయ్యకి, ఈ గాలి ఏం చేస్తుందో నీ కళ్లతో చూడు, చూసింది చూసినట్టు బాబాకి చెప్పు, సాక్షివి నువ్వే అన్నాను. కొబ్బరి డొక్కలు నాలుగు కొంగున కట్టుకున్నాను.

మొదటిసారి కారు దిగి నీళ్ల దాకా నడిచాను. చలి ఎముకలో దిగింది. ఒక డొక్క బలమంతా పెట్టి విసిరాను. చూడు, ఎలా పోతుందో అన్నాను.

అది ఊగింది. మెల్లగా వెనక్కి వచ్చింది. నా కాలికి తగిలింది.

నీరు తిరిగిందిలే అని రెండోది విసిరాను. అదీ వచ్చింది. మూడోది అచ్చిబాబు చేత విసిరించాను, వాడి చెయ్యి పొడుగు. కాస్త ఆలస్యంగా వచ్చింది, అంతే. నాలుగోది విసరలేదు.

అప్పుడు తలెత్తి చూశాను. పొద్దు సముద్రం మీదికి వాలుతోంది.

మా ఊళ్లో పొద్దు సముద్రంలోంచి లేస్తుంది. పడమటి గాలి నేల మీంచి వచ్చి పడవని నీళ్లలోకి తోస్తుంది. ఇక్కడ సముద్రమే పడమట ఉంది. ఆ గాలి నీళ్ల మీంచి వచ్చి ఒడ్డుకి తోస్తుంది. పందెం రోజు నూరా పలక మీద నిద్రపోయినా ఇంటికొచ్చేది.

అచ్చిబాబు నవ్వు ఆపుకుంటున్నాడు. పోనీలే మామ్మా, ఇది రాయొద్దులే అన్నాడు. రాయమన్నాను. నేను చెప్పిన గాలి తప్పు. రాశావా? చదువు. ఆ, అలాగే ఉండనీ.

చేపలు కొనడం ఇద్దరం మరిచిపోయాం.

22 జనవరి, మధ్యాహ్నం నాలుగు

నేను ఎవరికీ తప్పయిందని చెప్పిన మనిషిని కాను. అప్పాజీకి చెప్పలేదు, అత్తకి చెప్పలేదు. తలుపు తట్టకుండా నూరా గదిలోకి వెళ్లాను. అది పుస్తకం మీంచి తలెత్తలేదు.

గాలి సంగతి నాకు తెలియదు, తెలిసిందనుకున్నాను, నీ పందెం పోయింది, నాదే తప్పు అన్నాను. డొక్కలు మూడూ బల్ల మీద పెట్టాను.

వాటిని చూసింది. తర్వాత తెలుగొచ్చింది. రెండు వారాల తర్వాత తెలుగు. అదీ మా ఉప్పాడ తెలుగు.

“పదిహేడేళ్లలో పొద్దు ఎటు గూకుతుందో చూడలేదేంటి మామ్మా?”

“నా కిచెన్ కిటికీకి ఎదురుగా పక్కింటి గోడ ఉందే. గోడకేం పొద్దు గూకుతుంది?”

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కిచెన్ వైపు చూసింది, మళ్లీ నా వైపు చూసింది. డొక్క ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పుతూ కూచుంది. పరీక్షలయ్యాక నాతో నీళ్లలోకి రా అంది. మా వాళ్లలో ఆడది పడవ ఎక్కదన్నాను. ఇది పడవ కాదుగా, పలక అంది. ముసలిదాన్ని, ఈత రాదన్నాను. భయమని చెప్పొచ్చుగా అంది.

భయమట. నాకు. ఏ రోజో చెప్పు అన్నాను.

వీసా మాట నేను ఎత్తలేదు. అది ఎత్తలేదు. నీళ్లలోకి వెళితే ఉండమంటుందేమో, వెళ్లకపోతే టికెట్టేమో, అడగలేదు. అడిగి తెచ్చుకునే మాట నాకొద్దు.

30 జనవరి

రబ్బరు బట్టలు తెచ్చి ఇచ్చింది. చెయ్యి ఒకటి పెట్టి చూశాను. తీయడానికి అచ్చిబాబు, వీరవేణి, మేడం, ముగ్గురు కావలసి వచ్చారు.

3 ఫిబ్రవరి

పదో తారీఖుకి వారం. బాబా ఏమీ అనలేదు. పెట్టె దించి దుమ్ము దులిపాను. ఎందుకైనా మంచిదని. నూరా గుమ్మంలో నిలబడి చూసి వెళ్లిపోయింది. పొద్దున పెట్టిన గుడ్డు మాత్రం తింది.

4 ఫిబ్రవరి, శుక్రవారం

చీర గోచీ పెట్టి కట్టి, మేడం స్వెట్టరు తొడుక్కుని పలక మీద కూచున్నాను. నీళ్లు ఐసు. నూరా నా వెనక నిలబడి చాప ఎత్తింది. పలక కదిలింది. కొయ్య కాదు, నా గుండె పట్టుకున్నాను.

నడుము లోతులోనే, ఒడ్డు వెంబడే పోయాం. కాస్త దూరం పోయాక నూరా చెప్పింది. రెన్యూ చెయ్యమని బాబాకి పరీక్షలప్పుడే చెప్పేశాను మామ్మా, కదలకు, పడిపోతాం.

కదల్లేదు.

అరవై నాలుగేళ్లు ఒడ్డున ఉండి చూసిన దాన్ని. నీళ్ల మీంచి ఒడ్డుని చూడటం ఇదే. ఒడ్డు చిన్నది. అక్కడ అచ్చిబాబు నిలబడ్డాడు, గాలికి జుట్టంతా రేగిపోయి, చేతిలో దువ్వెన పట్టుకుని.

నేను చెప్పలేదు. మేం ఇసక మీద కాలు పెట్టేదాకా వాడు దువ్వుకోలేదు.