నీ జాబితాలో నేనిరికించిన పుస్తకం

సుజాతా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున్న మీ గైడు మేడం నీ థీసిస్ పట్టుకుని మన డీటీపీ షాపుకి వచ్చారు. నీ పేరు మీదే డిగ్రీ ఇవ్వడానికి యూనివర్సిటీ ఒప్పుకుంది గానీ, పరిశీలకుడు వెనక్కి పంపాడట.

"'కాలువ పడవల కబుర్లు' అనే పుస్తకం ఎక్కడా దొరకలేదంటున్నారండి. ఏంటది?"

అలాంటి పుస్తకమే లేదు. నువ్వు చెప్పినట్టే ఇంటిపేరు ముందు, ఏడాది బ్రాకెట్లో పెట్టి రిఫరెన్సులు టైపు చేస్తూ, నేనే రాసినట్టు సరదాకి ఒకటి ఇరికించాను. ప్రూఫు దిద్దేటప్పుడు పట్టుకుని తిడతావనుకున్నాను. దిద్దేలోపే నిన్ను కాకినాడ ఆసుపత్రిలో చేర్చాం. ఆ తర్వాత నాకూ గుర్తు లేదు. లేని పుస్తకాన్నే పట్టుకున్నాడు ఆ మహానుభావుడు. మేడంకి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"ఒకటి అబద్ధమైతే మిగతావీ నమ్మరండి. అన్నీ సరిచూసి పంపాలి. లేకపోతే డిగ్రీ రాదు."

పదో తరగతి తప్పినవాణ్ణి, నీ నోట్సులు ముందేసుకుని ఒక్కో పేరే సరిచూస్తున్నాను.

వెళ్తూ వెళ్తూ మేడం, "ఆవిడుంటే నవ్వేసేదండి," అన్నారు.

నవ్వేదానివి కాదు. ఆరేళ్ల కష్టం అది. వారం రోజులు నాతో మాట్లాడకుండా, అన్నం మాత్రం పెట్టేదానివి.